గాజుల లక్ష్మీనరసు శెట్టి: కచేరీ గోడల వెనుక కేకలను లోకమునకు వినిపించిన వర్తకుడు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, ఒకప్పుడు రాతిగుట్టలును పొదలును విస్తారముగా ఉండిన మాదాపూరు ప్రాంతమున, 1998వ సంవత్సరము నవంబరు నెలలో సైబర్ టవర్స్ అను భవనమునకు ప్రారంభోత్సవము జరిగెను. పాతికేండ్లు గడచునప్పటికి ఆ చుట్టుపట్ల నంతటను గాజుమేడలు వెలసినవి. 2003లో ఆ ప్రాంతమునకు సైబరాబాద్ అను పేర వేరొక పోలీసు కమిషనరేటును ఏర్పడినది. ఆ మేడలకు అనతిదూరముననే యున్న ఒక కళాశాలలో నేను తెలుగు బోధించుచున్నాను.

కొంతకాలము క్రిందట తరగతిలో ఒక విద్యార్థిని ఒక సందేహము వెలిబుచ్చినది. ఆనాటి పత్రికలో ఒక హత్యను గూర్చిన వార్త కలదు. నిందితుడు పోలీసుల యెదుట నేరము నంగీకరించెనని అందు వ్రాసియుండెను. తానే చేసితినని వాడు ఒప్పుకొన్న తరువాత ఇక న్యాయస్థానమెందులకు, సంవత్సరముల తరబడి విచారణ యెందులకు అని ఆమె ప్రశ్న. తరగతిలో పెక్కుమంది ఆమెతో ఏకీభవించిరి. పోలీసుల యెదుట చేసిన ఒప్పుకోలు సాక్ష్యముగా చెల్లదని చట్టము చెప్పుచున్నదని నేను చెప్పితిని. ఎందుచేత చెల్లదని వెంటనే రెండవ ప్రశ్న వచ్చినది. అంతలో గంట కొట్టిరి. ఆ రెండవ ప్రశ్నకు సరియైన సమాధానము చట్టపు పుస్తకములో కంటె ఒక తెలుగువాని జీవితములో ఎక్కువ స్పష్టముగా కానవచ్చును. ఆయన పేరు గాజుల లక్ష్మీనరసు శెట్టి. దక్షిణ భారతమున ప్రజల పక్షమున రాజకీయోద్యమమును మొట్టమొదట నడపిన వారిలో ఆయన అగ్రగణ్యుడు. మన పాఠ్యపుస్తకములలో ఆయనకు లభించిన చోటు మాత్రము మిక్కిలి స్వల్పము.

లక్ష్మీనరసు శెట్టిగారు 1806వ సంవత్సరమున చెన్నపట్టణములో ఒక తెలుగు కుటుంబమున జన్మించిరి. తండ్రి సిద్ధులు శెట్టిగారు బట్టలును నీలిమందును వ్యాపారము చేయుచుండిరి. ఆ కాలమున చెన్నపట్టణపు నేతబట్టలకును, తెలుగు జిల్లాల నీలిమందునకును విదేశములలో మంచి గిరాకి యుండెను. ఆనాడు గొప్ప కళాశాలలు లేవు. కుమారుడు స్వల్పముగా చదువుకొని, చిన్నతనముననే తండ్రి దుకాణములో కూర్చుండెను. తండ్రి గతించిన పిమ్మట వ్యాపారమును వృద్ధిపరచి విశేషముగా ధనమార్జించెను. అంతటితో నిలిచియుండినచో ఆయన పేరు నేడెవ్వరికిని తెలియనక్కరలేదు. చెన్నపట్టణమున అట్టి ధనికులు మరికొందరు ఉండిరి. వారు సత్రములు కట్టించిరి, దేవాలయములకు మాన్యములిచ్చిరి. లక్ష్మీనరసు శెట్టిగారు తమ ధనమును వెచ్చించిన మార్గము వేరు.

1844వ సంవత్సరము అక్టోబరు నెలలో ఆయన క్రెసెంట్ అను ఇంగ్లీషు పత్రికను స్థాపించిరి. హిందువుల స్థితిని బాగుచేయుట దాని ఉద్దేశముగా ప్రకటించిరి. సైన్యమున పనిచేసిన ఎడ్వర్డ్ హార్లీ అను ఆంగ్లేయుని సంపాదకునిగా నియమించిరి. ఈ ఏర్పాటులో ఒక లోకజ్ఞత కలదు. ఆనాటి దొరలకు తెలుగు పత్రిక చేరదు, చేరినను దానిని లెక్కచేయరు. వారి భాషలో, వారి జాతివాడే వ్రాసిన పత్రిక బల్లమీద పడినప్పుడు చదువక తప్పదు. ప్రభుత్వము ఆ పత్రికను మొదటినుండియు అనుమానముతోనే చూచెను. ఇతర పత్రికలకు దొరకిన ఆదరణ దానికి దొరకలేదు.

ఆ దినములలో ట్వీడేల్ ప్రభువు మద్రాసు గవర్నరుగా ఉండెను. ప్రభుత్వ పాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథముగా చేర్చవలయునను యోచన బయలుదేరెను. ప్రభుత్వము ఏ మతము పక్షమును వహింపరాదని లక్ష్మీనరసు శెట్టిగారు 1846లో సభలు జరిపించి, వేలకొలది సంతకములతో విన్నపము పంపించిరి. ఆ రోజులలోనే తిరునల్వేలి జిల్లాలో మతసంబంధమైన అల్లరులు జరిగి, పలువురికి శిక్షలు పడినవి. ఆ కేసుల విషయమున ప్రభుత్వమునకు ఎదురునిలిచిన సదరు న్యాయస్థానపు న్యాయమూర్తి మాల్కం లూయిన్ తన పదవిని పోగొట్టుకొనెను. న్యాయము చెప్పవలసిన వారు రాజ్యము చేయువారి ఇష్టమునకు లోబడియుండిన యెడల ప్రజల గతి యేమగునో చెన్నపట్టణపు పెద్దలకు అప్పుడు స్పష్టముగా తెలియవచ్చెను.

ఇచట ఒక మాట దాచక చెప్పవలయును. మతము మారినవానికి పిత్రార్జితములో హక్కు నిలుపు 1850వ సంవత్సరపు చట్టమును ఆయన పక్షము వారు గట్టిగా వ్యతిరేకించిరి. నేటి దృష్టితో చూచిన యెడల ఆ చట్టమే న్యాయమని మనలో పెక్కుమందికి తోచును. మహనీయుల చరిత్ర వ్రాయునప్పుడు వారి అభిప్రాయములన్నియు మనకు సమ్మతములైనట్లు నటింపనక్కరలేదు. లక్ష్మీనరసు శెట్టిగారు తమ కాలపు మనుష్యుడు. ఐనను తమ మతస్థుల మర్యాద కొరకు మొదలుపెట్టిన పోరాటము క్రమముగా మాట చెప్పుకొనలేని రైతు వంటి మీది దెబ్బల వరకు ఆయనను కొనిపోయినది. ఆయన గొప్పతనమంతయు అచ్చటనే కలదు.

1852వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో మద్రాసు నేటివ్ అసోసియేషన్ అను సంస్థ ఏర్పడెను. మొదట అది కలకత్తాలోని బ్రిటిష్ ఇండియన్ అసోసియేషనునకు శాఖగా ఉండి, ఆ సంవత్సరమే స్వతంత్రమయ్యెను. దాని ప్రాణము లక్ష్మీనరసు శెట్టిగారే. ఈస్టిండియా కంపెనీ అధికారపత్రము 1853లో పార్లమెంటు యెదుటకు రావలసియుండెను. అది తెలిసి ఆ సంఘము ఒక దీర్ఘమైన విన్నపమును లండనునకు పంపెను. పన్నుల భారము, రెవెన్యూ ఉద్యోగుల దౌర్జన్యము, చేతివృత్తుల వారిపై మొతర్ఫా పన్ను, న్యాయస్థానములలో జాగు, రోడ్లును కాలువలును లేకపోవుట, చదువునకు ఖర్చు పెట్టకపోవుట మొదలగునవన్నియు అందు వివరింపబడినవి. పార్లమెంటు ఆ విన్నపమును స్వీకరించినది గాని, కంపెనీ పాలనను మరల పొడిగించినది.

ఇతరులైనచో నిరాశ చెందియుందురు. లక్ష్మీనరసు శెట్టిగారు వర్తకులు. సరకు మంచిదని మాటతో చెప్పినచో కొనువాడు నమ్మడనియు, చూపవలయుననియు ఆయనకు తెలియును. ఇండియా రిఫారం సొసైటీకి అధ్యక్షుడైన హెన్రీ డాన్బీ సేమర్ అను పార్లమెంటు సభ్యుడు 1853లో మన దేశమునకు వచ్చెను. శెట్టిగారు ఆయనను వెంటబెట్టుకొని దక్షిణాది జిల్లాలలో పర్యటించిరి. రైతులను ఆయన యెదుటకు రప్పించి వారి గోడు వినిపించిరి. శిస్తు కట్టలేని వారిని కచేరీలలో ఏ విధముగా బాధించుచున్నారో ఆ సభ్యుడు బాధితుల నోటినుండియే వినెను.

ఆ బాధలెట్టివో విద్యార్థులకు కొంచెము చెప్పక తప్పదు. చిరత యనునది రెండు కర్రల మధ్య చేతివ్రేళ్లనో కాళ్లనో ఇరికించి నొక్కు సాధనము. తమిళదేశమున దానిని కిట్టి యందురు. మనిషిని వంచి తలను కాలి బొటనవ్రేళ్లకు త్రాటితో కట్టి ఎండలో నిలుపుట మరియొకటి. వీపుమీద బరువైన రాళ్లు పెట్టుట, చేతులు వెనుకకు విరిచి కట్టి చెట్టునకు వ్రేలాడదీయుట, కండ్లలో మిరపపొడి చల్లుట, నిద్రాహారములు లేకుండ చేయుట, ఇట్లు పెక్కు రీతులు. పూర్వపు వీధిబడులలో పంతుళ్లు పిల్లలకు కోదండము వేయు వాడుక మన తాతలు ఎరుగుదురు. బడిలో కోదండము చూచి పెరిగినవానికి కచేరీలో చిరత చూచినప్పుడు అది వింతగా తోచకపోవుటలో ఆశ్చర్యము లేదు. హింస అలవాటైన చోట దానికి పేరుకూడ ఉండదు. అది పద్ధతియైపోవును.

1854వ సంవత్సరము జూలై నెలలో ఇంగ్లాండు కామన్సు సభలో మద్రాసు రాజధాని స్థితిని గూర్చి చర్చ జరిగెను. అందులో సేమర్ తాను తెలిసికొనిన విషయమును ప్రకటించెను. సభలో పెక్కుమంది నమ్మలేదు. హిందూదేశమున చిరకాలము ఉద్యోగము చేసి వచ్చిన పెద్దలు తామెన్నడును అట్టి సంగతి వినలేదనిరి. వారు అబద్ధమాడిరని చెప్పజాలము. కలెక్టరు బల్లమీదికి వచ్చునది వసూలైన సొమ్ము లెక్క. న్యాయాధిపతి చేతికి వచ్చునది నేరము నొప్పుకొన్నట్లు వ్రాసిన కాగితము. ఆ సొమ్ము ఎట్లు వచ్చినదో, ఆ కాగితమునకు వెనుక ఏమి జరిగినదో అడిగిననే గాని తెలియదు. అడుగుట వారి అలవాటు కాదు.

ఐనను మాట సభలో పడినది, పత్రికలలోనికి ఎక్కినది. విచారణ జరుపక తప్పలేదు. 1854లో మద్రాసు ప్రభుత్వము ముగ్గురు సభ్యులతో ఒక కమిషనును నియమించెను. వారిలో ఇ. ఎఫ్. ఎలియట్ చెన్నపట్టణపు ముఖ్య మేజిస్ట్రేటు, హెచ్. స్టోక్స్ సివిలు ఉద్యోగి, జాన్ బ్రూస్ నార్టన్ న్యాయవాది. బాధితులు వచ్చి చెప్పుకొనవచ్చునని జిల్లాలలో ప్రకటనలు చేయించిరి. అప్పటికింకను ఆ రాజధానిలో రైలు నడువలేదు. వందల మైళ్ల దూరమునుండి కాలినడకను, బండ్లమీదను జనులు చెన్నపట్టణమునకు వచ్చిరి. 519 మంది స్వయముగా కమిషను యెదుట నిలిచిరి. 1,440 మంది జాబులు పంపించిరి. మొత్తము 1,959 ఫిర్యాదులు. తిరిగి వెళ్లిన తరువాత అదే తహసీలుదారు, అదే బంట్రోతు తమ యూరిలో ఉందురని తెలిసియు వచ్చినవారు వీరు. ఈ అంకెను చదువునప్పుడు ఆ ధైర్యమును కూడ లెక్కవేయవలయును.

కమిషనును నియమించినది ముఖ్యముగా శిస్తు వసూలులో హింసను గూర్చి విచారించుటకు. కాని తీగ లాగినచో డొంక కదలినట్లు, నేరము లొప్పించుటకై చేయు హింస కూడ బయటపడెను. దీనికి కారణము ఆనాటి పరిపాలనలోనే కలదు. 1816వ సంవత్సరపు నిబంధనలను బట్టి శిస్తు వసూలుచేయు తహసీలుదారే తాలూకాకు పోలీసు అధికారి. పైనున్న కలెక్టరే మేజిస్ట్రేటు. గ్రామములో మునసబు, తలారి వారికి చేతులు. ఒకే కచేరీ, ఒకే బంట్రోతులు, ఒకే చిరత. ఉదయము శిస్తునకు ఉపయోగపడినది సాయంకాలము దొంగతనమునకో హత్యకో ఉపయోగపడును.

ఒక గ్రామమున హత్య జరిగినదనుకొందము. చంపినవాడెవడో ఎవ్వరును చూడలేదు. పైనుండి తహసీలుదారునకు తాకీదుల మీద తాకీదులు వచ్చుచుండును. హంతకుని పట్టినచో మెప్పు, పట్టనిచో మాట. గ్రామములో దిక్కులేనివాడు, పొరుగూరివాడు, పూర్వమెప్పుడో చెడ్డపేరు తెచ్చుకొన్నవాడు ఎవడో ఒకడు దొరకును. రెండుదినములు కచేరీలో ఉంచినచో వాడు ఒప్పుకొనును. ఒప్పుకొన్నట్లు వ్రాసిన కాగితముపై ఇద్దరు సాక్షులు చేవ్రాలు చేయుదురు. ఖైదీని ఆ కాగితముతో సహా పైకి పంపుదురు. సెషన్సు జడ్జి యెదుట వాడు తాను చేయలేదనియు, కొట్టి చెప్పించిరనియు మొరపెట్టుకొనును. సాక్షులు వచ్చి వాడు తన యిష్టముతోనే చెప్పెనని ప్రమాణము చేయుదురు. గాయములు అప్పటికి మానియుండును. మరణశిక్ష పడినచో కాగితములు చెన్నపట్టణములోని ఫౌజుదారీ అదాలతునకు పోవును. అచ్చటి న్యాయమూర్తులు ఖైదీని చూడరు, కాగితములనే చూతురు. కాగితము చక్కగా ఉండును.

ఇందులో రెండు అన్యాయములు కలవు. నిరపరాధి ఉరికంబమెక్కుట మొదటిది. అసలు హంతకుడు అదే గ్రామములో నిర్భయముగా తిరుగుట రెండవది. మొదటిదానిని గూర్చి జాలిపడువారు కొందరుందురు. రెండవదానిని గూర్చి ఆలోచించువారు తక్కువ. దెబ్బలతో రాబట్టిన ఒప్పుకోలు చచ్చినవానికి న్యాయము చేయదు. చంపినవానికి రక్షణ కల్పించును. అసలు దోషిని వెదకు పని అంతటితో ఆగిపోవును గనుక.

1855వ సంవత్సరము ఏప్రిల్ నెలలో కమిషను తన నివేదికను సమర్పించెను. శిస్తు వసూలులోను, పోలీసు విచారణలోను హింస వాడుకలో నున్నదని ముగ్గురును ఏకగ్రీవముగా తేల్చిరి. పార్లమెంటులో నవ్వినవారి నోళ్లు మూతపడినవి. ఆ నివేదిక లోపము లేనిదని కాదు. తెల్లదొరలకు దీనితో సంబంధము లేదనియు, దోషమంతయు క్రింది నాటు ఉద్యోగులదేననియు అది చెప్పినది. పంట పండినను ఎండినను కట్టి తీరవలసిన శిస్తును పైనుండి నిర్ణయించి, వసూలు కానిచో ఉద్యోగము పోవునని బెదరించువాడు, తానెవ్వరిని కొట్టలేదని చేతులు కడుగుకొనుట న్యాయము కాదు. లోకము దీనిని గుర్తింపకపోలేదు. 1857లో మన దేశమున తిరుగుబాటు చెలరేగినప్పుడు సిపాయిల క్రూరత్వమును గూర్చి ఇంగ్లాండు పత్రికలు గగ్గోలు పెట్టినవి. అప్పుడు కార్ల్ మార్క్స్ న్యూయార్క్ డెయిలీ ట్రిబ్యూన్ పత్రికలో ఈ హింసా విచారణను గూర్చియే ఒక వ్యాసము వ్రాసి, పాలకుల చరిత్రను కూడ చూడవలసినదని పాఠకులకు గుర్తుచేసెను. చెన్నపట్టణపు వర్తకుడొకడు కదిలించిన విషయము ఆ విధముగా అమెరికా వరకు పోయినది.

కమిషను సిఫారసులలో ముఖ్యమైనది రెవెన్యూను పోలీసును విడదీయవలయుననునది. 1859వ సంవత్సరపు 24వ చట్టముతో మద్రాసు రాజధానిలో వేరు పోలీసుశాఖ ఏర్పడెను. రెండేండ్ల తరువాత దేశమంతటికి వచ్చిన పోలీసు చట్టమునకు ఇది ఒక మాదిరియైనది. 1861లోనే వచ్చిన క్రిమినల్ ప్రొసీజరు కోడులో పోలీసు అధికారి యెదుట చేసిన ఒప్పుకోలును నిందితునికి వ్యతిరేకముగా సాక్ష్యముగా వాడరాదను నియమము చేరినది. 1872లో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రూపొందించిన సాక్ష్య చట్టమున అది 25వ సెక్షనుగా స్థిరపడెను. పోలీసుల నిర్బంధములో ఉన్నవాని ఒప్పుకోలు మేజిస్ట్రేటు సమక్షమున చేసిననే తప్ప చెల్లదని 26వ సెక్షను చెప్పినది. నూటయేబదియేండ్లు అమలులో నుండిన ఆ చట్టమునకు బదులుగా 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. అందలి 23వ సెక్షనులో ఆ నియమములు నేటికిని నిలిచియున్నవి. విద్యార్థిని అడిగిన ప్రశ్నకు ఇదియే సమాధానము. ఆ సెక్షను ఒక న్యాయవాది చమత్కారము కాదు. చిరతలో నలిగిన వ్రేళ్లు దానిని వ్రాసినవి.

ఆ నియమమునకు ఒక మినహాయింపు కలదు. నిందితుడు చెప్పిన మాటను బట్టి ఏదైన వస్తువు దొరకినచో, ఆ వస్తువునకు సంబంధించినంత మేరకు ఆ మాట సాక్ష్యమగును. శవమో కత్తియో నగయో దొరకినప్పుడు చెప్పినవానికి దానిని గూర్చి తెలిసియుండెనని కొంత నమ్మవచ్చును గదా యని దీని తర్కము. తర్కము మంచిదే. కాని వస్తువు ముందుగానే దొరకి, మాట తరువాత వ్రాయబడినచో ఆ తర్కమంతయు తలక్రిందులగును. కావున న్యాయస్థానములు పంచనామాను, సాక్షులను, తేదీలను అంత జాగ్రత్తగా పరిశీలించును. ప్రజలకు జాగుగా తోచునది పెక్కుసార్లు ఈ పరిశీలనయే.

లక్ష్మీనరసు శెట్టిగారి శేష జీవితము క్లుప్తముగా చెప్పదగినది. కంపెనీ పాలన తొలగింపవలయునని ఆయన సంఘము పార్లమెంటునకు విన్నపములు పంపుచునే యుండెను. 1858లో ఆ పాలన అంతరించినది. కొంతకాలము ఆయనను అనుమానముతో చూచిన ప్రభుత్వమే తరువాత సి. ఎస్. ఐ. బిరుదమిచ్చి గౌరవించినది. వెంబాకం సదగోపాచార్యులుగారి మరణానంతరము 1863లో మద్రాసు శాసనసభలో సభ్యునిగా నియమించినది. బిరుదములు వచ్చినవి గాని ధనము పోయినది. పత్రికకు, సభలకు, విన్నపములకు, లండనులో జరుపవలసిన పనులకు ఆయన తమ సొంత సొమ్మునే వెచ్చించుచు వచ్చిరి. వ్యాపారము క్షీణించినది. 1868వ సంవత్సరమున ఆయన మరణించునాటికి వెనుకటి సిరిసంపదలు మిగులలేదు. క్రెసెంట్ పత్రికయు, నేటివ్ అసోసియేషనును నిలువలేదు. ఆ నగరములో అట్టి బలమైన సంస్థ మరల లేచుటకు 1884లో మద్రాసు మహాజనసభ పుట్టువరకు ఆగవలసివచ్చెను.

ఆయన పోరాటము ఆ కాలముతో ముగిసిపోయినదా? విచారముతో కాదనియే చెప్పవలసియున్నది. 2007వ సంవత్సరము డిసెంబరు నెలలో విజయవాడ సమీపమున ఒక వసతిగృహములో ఒక విద్యార్థిని ఘోరముగా హత్య చేయబడినది. మరుసటి సంవత్సరము పోలీసులు ఒక పేద యువకుని పట్టుకొని, అతడు నేరము నంగీకరించెనని ప్రకటించిరి. 2010లో విజయవాడ న్యాయస్థానము అతనికి యావజ్జీవ శిక్ష విధించెను. అతడు నిర్దోషియని 2017 మార్చి 31వ తేదీన హైదరాబాదులోని ఉన్నత న్యాయస్థానము తీర్పు చెప్పి విడుదల చేసినది. అప్పటికి అతని యౌవనములో ఎనిమిదేండ్లకు పైగా చెరసాలలో గడచిపోయెను. కుమార్తెను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు కూడ అతడు దోషియని నమ్మలేదు. అసలు చంపినదెవ్వరను ప్రశ్న ఆ తీర్పుతో మొదటికి వచ్చినది. నేను పైన చెప్పిన రెండు అన్యాయములును ఇందు కానవచ్చుచున్నవి.

మా ప్రాంతపు సంగతియే మరియొకటి కలదు. 2019 నవంబరులో శంషాబాదు సమీపమున ఒక యువ వైద్యురాలు అత్యాచారమునకు, హత్యకు గురియైనది. సైబరాబాద్ పోలీసులు నలుగురిని పట్టుకొనిరి. వారు నేరము నొప్పుకొనిరని ఊరంతయు నమ్మినది. డిసెంబరు 6వ తేదీ తెల్లవారుజామున చటాన్‌పల్లి వద్ద ఆ నలుగురును పోలీసుల కాల్పులలో మరణించిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. సుప్రీంకోర్టు నియమించిన ముగ్గురు సభ్యుల సిర్పూర్కర్ కమిషను నివేదిక 2022లో వెలువడినది. నిందితులు ఆయుధములు లాగుకొని పారిపోవుచుండిరను కథనము నమ్మదగినది కాదనియు, చంపు ఉద్దేశముతోనే కాల్పులు జరిపిరనియు ఆ కమిషను అభిప్రాయపడెను. ఆ నలుగురు దోషులో కారో ఇక ఏ న్యాయస్థానమును తేల్చజాలదు. ఆ యువతికి జరిగినదేమో సాక్ష్యములతో ఋజువుపరచి, తీర్పుగా వ్రాయించుకొను హక్కు ఆమె కుటుంబమునకు కూడ లేకుండ పోయినది.

1855 నాటి కమిషనులో ముగ్గురు, 2022లో నివేదిక నిచ్చిన కమిషనులో ముగ్గురు. నడుమ నూటయరువదేడేండ్లు. చట్టము మారినది, రాజ్యము మారినది, కచేరీ పోయి గాజుమేడ వచ్చినది. రాజ్యాంగములోని 20వ అధికరణము ఎవ్వనిని తనకు వ్యతిరేకముగా సాక్ష్యమిమ్మని నిర్బంధింపరాదని శాసించినది. నిందితుని ఇష్టము లేనిదే మత్తుమందిచ్చి నిజము చెప్పించు పరీక్షలు జరుపరాదని 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. పోలీసు ఠాణాలన్నిటను కెమెరాలు పెట్టవలయునని 2020 డిసెంబరులో ఆదేశించినది. ఇవన్నియు మంచివే. కాని కెమెరాలో పడినదానిని అడిగి చూచువాడు లేనిచో కెమెరాయు ఒక కాగితమే యగును. త్వరగా ఎవనినో ఒకనిని చూపవలయునని కేకలు వేయు జనసమూహము మనమే అయినప్పుడు, పూర్వము తహసీలుదారునకు పైనుండి వచ్చిన తాకీదును నేడు మనమే వ్రాయుచున్నాము.

ఈ మాటలు పోలీసులందరిని నిందించుటకు కాదు. ఓపికతో సాక్ష్యము వెదకి, నిజమైన దోషిని పట్టి, నిరపరాధిని విడిచిపెట్టు అధికారులు ఆనాడును ఉండిరి, ఈనాడును ఉన్నారు. వారి కష్టము దెబ్బతో పని ముగించువాని కష్టమునకు పదిరెట్లు. వారికి గౌరవము దక్కవలయునన్నచో దగ్గరిత్రోవను మనము మెచ్చుకొనుట మానవలయును.

ఉపాధ్యాయులైన వారికి నాదొక మనవి. వార్తలో నేరమంగీకరించెనని చదివినప్పుడు, ఎవరియెదుట, ఎక్కడ, ఎన్నిదినములు నిర్బంధములో ఉన్న తరువాత అని అడుగుట పిల్లలకు నేర్పుడు. ఆ మూడు ప్రశ్నలు అడుగుటకు న్యాయశాస్త్రము చదువనక్కరలేదు. స్వల్పముగా చదువుకొన్న ఒక బట్టల వర్తకుడు వాటినే అడిగి, ఒక సముద్రము దాటించి, ఒక సామ్రాజ్యముచేత సమాధానము చెప్పించెను. తరువాతి వారము తరగతిలో నేను ఈ కథ చెప్పితిని. విద్యార్థిని చివరివరకు వినినది. తరువాత ఆనాటి పత్రికను తీసి, ఆ వార్తను మరల మొదటినుండి చదువనారంభించినది.